కృత్యం కిందే జవాబు ఉంటే పిల్లలు వెతికేదేమిటి?

దిష్టి తీసేందుకు పసుపు నీళ్లలో సున్నం కలపడం మన ఇళ్లలో చాలామంది పిల్లలు చూసే ఉంటారు. పచ్చటి నీళ్లు చూస్తుండగానే ఎర్రబడతాయి. పారాణి ఎరుపు వెనకున్నదీ ఇదే. ఆమ్లాలు, క్షారాల పాఠంలో పసుపు పూసిన కాగితంతో చేసే కృత్యంగా వచ్చేదీ ఇదే రసాయన శాస్త్రం.

చాలా పాఠ్యపుస్తకాలు ఈ కృత్యాన్ని నీరుగార్చేస్తున్నాయి. పసుపు కాగితం మీద సబ్బు నీళ్ల చుక్క వేయండి, ఏం గమనించారు అని అడుగుతాయి. క్షారాలు పసుపును ఎర్రగా మారుస్తాయని ఆ కిందే చెప్పేస్తాయి. జవాబు కళ్లెదుటే ఉంటే చేతికి పసుపు అంటించుకునేదెవరు? సిలబస్ పూర్తి కావాలన్న టెన్షన్‌లో ఉన్న టీచరు ఆ పేరా చదివించి ముందుకు వెళ్తారు. ఇందులో వాళ్ల తప్పు తక్కువ, పుస్తకం రాసిన తీరుదే ఎక్కువ.

ప్రశ్న, పద్ధతి, జవాబు... వీటిలో పుస్తకం ఏవి ఇస్తోంది, ఏవి పిల్లలకు వదులుతోంది? ల్యాబ్ పనిని ఇలా తూచవచ్చని అమెరికా విద్యావేత్త జోసెఫ్ ష్వాబ్ 1960ల్లోనే చెప్పారు. మూడూ ఇచ్చేసే కృత్యానికి 1971లో మరో విద్యా పరిశోధకుడు హెరాన్ ఇచ్చిన స్థాయి సున్నా.

పై స్థాయికి వెళ్లడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం పిండితే ఏమవుతుంది? మళ్లీ పచ్చబడుతుంది. మరి దాని మీద సున్నపు నీళ్లు వేస్తే? బూడిద నీళ్లు, వంటసోడా, మజ్జిగ ఒక్కోటీ ఏం చేస్తాయి? ముందు ఊహించి రాసుకుని, తర్వాత చేసి చూడమనాలి. ఊహ తప్పిన చోటే పిల్లలు వాదించుకోవడం మొదలవుతుంది. నాకు ఆ వాదనే పాఠం.

మన దేశంలో ఇది జరగని పని కూడా కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 స్కూళ్లతో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమంలో పుస్తకాలు జవాబులు ఇచ్చేవి కావు. పిల్లలు ప్రయోగం చేసి నోట్సులో రాసుకునేవారు. పరీక్షలు పుస్తకం తెరిచి రాసేవి, పైగా ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేయడం నిజంగా బాధాకరం.

పరీక్ష మారకుండా పుస్తకం ఒక్కటే మారితే లాభం లేదు. 'సూచిక (ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థం) అంటే ఏమిటి?' అనే రెండు మార్కుల ప్రశ్న బదులు రెండు గ్లాసులు ఇవ్వండి. ఒకదానిలో మంచినీళ్లు, మరోదానిలో వడకట్టి నీళ్లు కలిపిన నిమ్మరసం. వాసన, రుచి చూడకూడదు. చేతిలో పసుపు కాగితం, కాస్త సున్నం మాత్రమే ఉన్నాయి. పచ్చ కాగితం రెండింటిలోనూ పచ్చగానే ఉంటుంది. ముందు దాన్ని సున్నంతో ఎర్రగా చేసుకోవాలన్న ఆలోచన ఏ పిల్లకు వస్తుందో చూద్దాం.