అణాకు ఆరు పైసలు: ఆ నాలుగు పైసల్ని ఎవరూ మింగలేదు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. 1957లో ప్రభుత్వం రాత్రికి రాత్రి అణాలు రద్దు చేసిందట. అణాకు ఆరు పైసలే కట్టి, పదహారణాల రూపాయికి 96 పైసలిచ్చి, మిగతా నాలుగు మింగేసిందట. రూపాయి విలువ అప్పుడే పడిపోయిందట. అదంతా ఇంగ్లండును చూసి చేసిన పనట. చదువురాని మన తాతలకు మోసం అర్థమే కాలేదట. ఈ చివరి మాటకే నాకు ఎక్కువ మండింది.

ముందు నాలుగు పైసల సంగతి. పాత రూపాయికి 16 అణాలు, 64 కానీలు. కొత్త రూపాయికి 100 నయా పైసలు. అంటే అణాకు ఆరుంబావు. పావు పైసా నాణెం లేదు కాబట్టి ఎక్కడో సర్దాలి. సగం వరకు ఉంటే వదిలేయాలి, సగం దాటితే పై పైసాకు కలపాలి. ఆ లెక్కన అణాకు 6, బేడకు (రెండణాలకు) 12, మూడణాలకు 19, పావలాకు సరిగ్గా 25. మూడణాల దగ్గర పావు పైసా ఎక్కువే వచ్చింది, మెసేజ్‌లో ఆ ముక్క లేదు. రాసినాయన ఆరును పదహారుతో హెచ్చవేసి ఊరుకున్నాడు. పదహారణాలు కలిపి ఇస్తే వచ్చేది వంద. పేదవాడి నాణెమైన కానీ విలువ ఒకటిన్నర పైసాకు కాస్త ఎక్కువ, దానికి 2 పైసలు కట్టారు.

నష్టం అసలే లేదని అనను. రోజంతా అణా సరుకు అమ్మే మనిషికి అందరూ ఆరేసి నయా పైసలిస్తే పదహారు బేరాలకు నాలుగు పైసలు తగ్గేది. అది కొన్నవాళ్ళ దగ్గర మిగిలింది, ఖజానాకు పోలేదు. మా అవ్వ కందుకూరు సంతలో ఆకుకూరలు అమ్మేది (అప్పుడది నెల్లూరు జిల్లా). అణాకు కట్ట ఇవ్వడం మానేసి, పావలాకు నాలుగు కట్టలని కేకేసేదట.

రాత్రికి రాత్రి జరిగిందీ లేదు. నాణేల చట్టాన్ని 1955లోనే సవరించారు, 1957 ఏప్రిల్ 1న అమలుచేశారు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు రెండు రకాల నాణేలూ చెల్లాయి. తికమక పడకుండా కొత్త పైసాకు 'నయా' అని పేరు పెట్టి, 1964 జూన్‌లో ఆ మాట తీసేశారు.

రూపాయి విలువ అప్పుడు పడిపోయిందీ లేదు. డాలరుకు 4.76 రూపాయలన్నది ఈ మార్పుకు ముందూ అంతే, తర్వాతా అంతే. 7.50 అయింది 1966లో. అది వేరే కథ.

ఇక ఇంగ్లండు. పన్నెండు పెన్నీల షిల్లింగును వాళ్ళు వదిలింది 1971 ఫిబ్రవరి 15న, మన తర్వాత దాదాపు 14 ఏళ్ళకు. చూసి నేర్చుకోవాలంటే సముద్రానికి అవతల సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ఉంది, అక్కడ 1872 నుంచే రూపాయికి 100 సెంట్లు.

మా అవ్వకు సంతకం రాదు. నా చిన్నప్పుడు డెబ్బై ఐదు పైసలని నేను వేళ్ళు మడిచేలోపే "ముప్పావలా రా" అని చిల్లర చేతిలో పెట్టేది.