బూడిదలో పోయవలసింది పన్నీరు కాదు, నీళ్లు

మా ఇంటి హాలులో పడమటి గోడకు ఒక బీట ఉంది. కిటికీ కింది మూల దగ్గర బయలుదేరి, ఇటుకల మధ్య అతుకుల వెంబడే మెట్లు దిగినట్లు దిగి, నేలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. అందులో ఏటీఎం కార్డు అంచు కూడా దూరదు కాబట్టి ఇంటికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. అయినా మా ఇంటికి వచ్చిన బంధువులు కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్న మరుక్షణం దానివైపే చూస్తారు. గృహప్రవేశం నాడే మా మేనత్త, "మట్టితో కట్టుకుంటారు, రాయితో కట్టుకుంటారు, బూడిదతో ఇల్లు కట్టుకోవడం నీ దగ్గరే చూశానురా" అన్నది. ఆమె ఆ మాట అంటున్నప్పుడు మా గుమ్మానికి వేలాడుతున్నది బూడిద గుమ్మడికాయే అన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది, లేకపోతే అక్కడికక్కడే చెప్పి ఉండేవాణ్ణి. ఆరు నెలలకు బీట కనిపించేసరికి ఆమె మాట మా బంధువర్గంలో సామెత అయి కూర్చుంది.

ఇరవై రెండేళ్లుగా సివిల్ పనులు చేయిస్తూ జీతం తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బీటకు కారణం పచ్చి ఇటుకలను గోడకు ఎక్కించిన తొందర, ఆ తొందరలో నా వాటా కూడా ఉంది, బూడిద తప్పు మాత్రం అందులో లేదు. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద మంచి నిర్మాణ సామగ్రి అని నేను నమ్ముతాను. అయితే దాన్ని సామగ్రిగా చూసి, ఏ రకం, ఎంత, ఎన్నాళ్లు తడపాలి అని అడిగే ఓపిక మనకు లేదు. వదిలించుకునేవాడికి అది ఒక బరువు, అమ్ముకునేవాడికి ఊరికే వచ్చిన సరుకు, కొనేవాడికి చవక ఇటుక. ఈ ముగ్గురి మధ్యా ఆ పదార్థం గుణం గురించి పట్టించుకునేవాడు ఒక్కడూ లేకపోవడమే నా బాధ.

బూడిద అనగానే మనకు కట్టెల పొయ్యి గుర్తుకొస్తుంది, చిన్నప్పుడు అంట్లు తోమిన పీచు గుర్తుకొస్తుంది. ఆ బూడిద వేరు, ఇది వేరు. బొగ్గును మెత్తని పొడి చేసి బాయిలరులోకి ఊదినప్పుడు అందులోని కర్బనం కాలిపోతుంది గాని, బొగ్గుతో కలిసి ఉన్న మట్టి, ఇసుక వంటి ఖనిజాలు ఆ వేడికి కరిగి, పొగతో పాటు పైకి లేచి, చల్లారుతూ గాజు గోళీల వంటి అతి సూక్ష్మమైన గుండ్రని రేణువులుగా మారతాయి. ఆ పొగ చిమ్నీకి చేరేలోపే ఈఎస్‌పీలు, అంటే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు, ఆ రేణువులను పట్టి కింది తొట్లలోకి రాలుస్తాయి. మనం ఫ్లైయాష్ అనేది దాన్నే. మన దేశపు బొగ్గులో మట్టి పాలు ఎక్కువ కాబట్టి వంద కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై కిలోల దాకా బూడిదే మిగులుతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఉన్నవారికి ఈ లెక్క నేను చెప్పనక్కరలేదు. తొట్టి నుంచి అప్పుడే దింపిన పొడి బూడిదను నేను మొదటిసారి అరచేతిలో పోసుకున్నప్పుడు, పిడికిలి ఎంత బిగించినా అది నీళ్లలాగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. కాంక్రీటులో కూడా అది చేసే మొదటి మేలు ఇదే. ఆ గుండ్రని రేణువులు కంకరకూ ఇసుకకూ మధ్య దొర్లుతూ, తక్కువ నీళ్లతోనే మాలు సాఫీగా కదిలేటట్లు చేస్తాయి.

రెండో మేలు ఇంకా పెద్దది. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు గట్టిపడే బంక పదార్థంతో పాటు కొంత సున్నం కూడా విడుదలవుతుంది. ఆ సున్నం వల్ల బలమేమీ రాదు సరికదా, కాలక్రమంలో నీటితో కరిగి బయటికి వచ్చి గోడల మీద తెల్లని చారలు పెట్టేది కూడా అదే. బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి మళ్లీ అదే బంక పదార్థాన్ని పుట్టిస్తుంది, కాంక్రీటులోని సన్నని రంధ్రాలను పూడ్చి నీరు చొరబడకుండా బిగిస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన రహస్యమేమీ కాదు. మన తాతలు గానుగ సున్నంలో సుర్ఖి, అంటే కాల్చిన ఇటుకల పొడి, కలిపి మిద్దెలు కట్టినప్పుడు జరిగింది కూడా సరిగ్గా ఇదే చర్య. కాకపోతే వాళ్లు ఆ సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, గానుగ తిప్పించి, కట్టిన గోడను నెలల తరబడి తడిగా ఉంచేవారు. బూడిద చర్య కూడా అంతే నెమ్మది, దానికి కావలసినవి రెండే, తడి, కాలం. మన సైట్లలో ఆ రెండూ దొరకవు.

అందుకే పీపీసీ, అంటే బూడిద కలిపి తయారుచేసిన సిమెంటు, మీద మన మేస్త్రీలకు అంత అనుమానం. బస్తా మీద ఫ్లైయాష్ అన్న మాట కనిపిస్తే చాలు, "కంపెనీవాళ్లే కల్తీ చేసి అమ్ముతున్నారు సార్" అంటారు. అది కల్తీ కాదు. ఐఎస్ 1489 అనే భారతీయ ప్రమాణం ప్రకారమే ఆ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉంటుంది. అందులో బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి కాంక్రీటు పనులకు వర్తించే ఐఎస్ 456 ప్రమాణం ఒక చిన్న షరతు పెట్టింది. ఓపీసీ, అంటే బూడిద కలవని మామూలు సిమెంటు, కాంక్రీటును కనీసం 7 రోజులు తడిపితే, బూడిద కలిసిన సిమెంటుతో వేసినదాన్ని కనీసం 10 రోజులు తడపాలి. ఆ మూడు రోజుల తేడాను పాటించిన సైట్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ట్యూబుతో ఉదయం ఒకసారి చిలకరించి, మధ్యాహ్నానికి తెల్లగా ఎండిపోయిన స్లాబును చూసి సాయంత్రం మరొకసారి చిలకరించి, నాలుగో రోజుకు ఆ మనిషిని కూడా వేరే పనికి పంపించి, ఆ తరువాత స్లాబు కారితే సిమెంటును తిట్టడం మన ఆచారం. అమెరికాలో 1950ల నాటికే హంగ్రీ హార్స్ ఆనకట్టకు, మన దేశంలో రిహాండ్ ఆనకట్టకు బూడిద కలిపిన కాంక్రీటు వాడారు. పెద్ద ఆనకట్ట లోపల సిమెంటు పుట్టించే వేడి తగ్గడానికి బూడిద ఉపకరిస్తుందని తెలిసే వాడారు. ఆనకట్టకు పనికివచ్చిన పదార్థం మన పదడుగుల గదికి పనికిరాదని తేల్చేయడానికి మనకు నాలుగు రోజుల క్యూరింగ్ చాలు.

ఇక ఇటుకల సంగతి. ఇందులో తెలుగువాళ్లు గొప్పగా చెప్పుకోదగిన విషయం ఒకటి ఉంది గాని ఎందుకో ఎవరూ చెప్పుకోరు. బూడిద, సున్నం, జిప్సం కలిపి, బట్టీ పెట్టకుండా, బొగ్గూ ఊకా కాల్చకుండా, నీళ్లతో తడిపి మాత్రమే ఇటుకను గట్టిపరిచే ఫాల్-జి పద్ధతిని రూపొందించినవారు విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతిదాస్, కాళిదాస్ దంపతులు. చిన్న పెట్టుబడితో ఊరి చివర యూనిట్ పెట్టుకునేవారికి అందుబాటులో ఉండేటట్లు దాన్ని తీర్చిదిద్దడం వారు చేసిన అసలైన మేలు అని నా అభిప్రాయం. ఎర్ర ఇటుక కోసం పంట పొలం పైమట్టిని అడుగుల లెక్కన గీకి అమ్ముకున్న ఊళ్లను చూసినవారికి, ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వచ్చి బట్టీల దగ్గర గుడిసెల్లో బతికే కూలీలను చూసినవారికి, కాల్చని ఇటుక విలువ వేరే చెప్పాలా?

కాని ఆ ఇటుకకు ఒక స్వభావం ఉంది. ఎర్ర ఇటుక బట్టీలోనే కుంచించుకుపోయి బయటికి వస్తుంది. బూడిద ఇటుక మాత్రం అచ్చులోంచి తీసి, తడిపి, ఆరబెట్టిన తరువాత కూడా కొన్ని వారాలపాటు సన్నగా కుంచించుకుంటూనే ఉంటుంది. ఆ కుంచించుకోవడమేదో యార్డులో జరిగితే ఎవరికీ నష్టం లేదు, గోడలోకి వెళ్లాక జరిగితే అతుకులు విడిపోయి మెట్లు మెట్లుగా బీట పడుతుంది. మా ఇంటికి ఇటుకలు తోలిన యూనిట్ యజమానిని నేను తేదీ అడగలేదు. లోడు దించుతున్నప్పుడు ఒక ఇటుకను చేత్తో తీసి చూస్తే మధ్య భాగం ఇంకా ముదురు రంగులో, చెమ్మగా ఉంది, గోటితో గీస్తే పొడి రాలింది. అది చూసి కూడా, స్లాబు ముహూర్తం దగ్గర పడిందని ఊరుకున్నాను. తరువాత తెలిసింది, అవి పోసి ఆరు రోజులే అయిందట. దానికి తోడు మా తాపీ మేస్త్రీ ఎర్ర ఇటుకల అలవాటు కొద్దీ వాటిని తొట్టిలో ముంచి మరీ పేర్చాడు. బూడిద ఇటుకను పేర్చేటప్పుడు పైపైన చిలకరిస్తే చాలు, ముంచితే ఉబ్బి, గోడలో ఆరుతూ మరింత కుంచించుకుంటుంది. తడపవలసినప్పుడు ఎండబెట్టి, ఎండబెట్టవలసినప్పుడు ముంచాం. ఇంజనీరు ఉన్న ఇంట్లో జరిగిన పని ఇది.

ఇంకొక సంగతి, కొనేవారిలో నూటికి తొంభై మంది అడగనిది. బూడిద అంతా ఒకటి కాదు. ఈఎస్‌పీ తొట్లలోంచి బల్కర్లకు, అంటే మూసి ఉన్న ట్యాంకరు లారీలకు, ఎక్కే పొడి బూడిద మెత్తనిది, చురుకైనది. బాయిలరు అడుగున పడిన ముతక బూడిదతో కలిపి నీళ్లతో బురదలాగా పైపుల ద్వారా చెరువుకు పంపి, ఏళ్ల తరబడి అక్కడ నిలవ ఉంచినది ముతకది, మందకొడిది. దాన్ని రోడ్డు గట్లకు నింపడంలో తప్పు లేదు, ఢిల్లీలో నిజాముద్దీన్ వంతెన దారి గట్టును అటువంటి చెరువు బూడిదతోనే కట్టారు. కాని కొన్ని ఇటుకల యూనిట్లు చెరువు బూడిదను తవ్వి తెచ్చి, పొడి బూడిదకు సరిపోయే పాళ్లలోనే సిమెంటు వేసి, క్రషర్ డస్ట్ మాత్రం ఎక్కువ కలిపి అచ్చు పోస్తాయి. ఆ ఇటుకను అడుగున్నర ఎత్తు నుంచి వదిలితే మూల విరిగిపోతుంది. అప్పుడు చెడ్డపేరు వచ్చేది యజమానికి కాదు, బూడిదకు.

ప్రభుత్వం చేయవలసిన పని చేయలేదని అనను. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మొదటి నోటిఫికేషన్ ఇచ్చి, థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో కనీసం 25 శాతం బూడిద కలపాలన్నది. ఆ దూరం తరువాత 100కు, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ వచ్చేసరికి బూడిదనంతా వాడి తీరాలని, మిగిల్చిన ప్రతి టన్నుకు 1,000 రూపాయల పరిహారం కట్టాలని అన్నారు. 1996-97లో పది శాతం కూడా లేని వినియోగం 2021-22 నాటికి 96 శాతానికి దగ్గరగా వచ్చిందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ వినియోగం అన్న పద్దులో సిమెంటు, ఇటుకలు, రోడ్లతో పాటు పల్లపు భూములు పూడ్చడం, పాత గనుల గుంతలు నింపడం, బూడిద చెరువు గట్టునే బూడిదతో ఎత్తు పెంచడం కూడా ఉన్నాయి. స్లాబులో కలిసిన టన్ను, ఊరి చివర గుంతలో పోసి పైన అడుగు మట్టి కప్పిన టన్ను ఒకే వరుసలో కూర్చుంటాయి. కాంక్రీటులో బిగిసిపోయిన బూడిదలోని ఆర్సెనిక్, సీసం వంటి లోహాలు అంత తేలికగా బయటికి రావు. అడుగున ఏ పొరా వేయని గుంతలో పోసిన బూడిద గుండా మాత్రం ప్రతి వానకూ నీరు ఇంకి, పక్క బోరులోకి చేరుతుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడం లెక్క కాదు, కనికట్టు. చెరువుల్లోనే వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం, 2020 ఏప్రిల్‌లో సింగ్రౌలి జిల్లా సాసన్‌లో గట్టు తెగి మనుషులే కొట్టుకుపోయారు.

మరోవైపు ఈ చెత్త కోసమే తగవులు. రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిదను ఎవరు తోలుకోవాలన్న పంచాయితీ 2024 నవంబరులో ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. దాని విలువ తెలియదని ఎవరూ అనలేరు, తెలిసినది టిప్పర్ల విలువ మాత్రమే. పట్టా కప్పకుండా, తడపకుండా పోయే ఆ టిప్పర్ల వెనక స్కూటరు మీద వెళ్లినవాడికి కళ్లలో పడేది సిలికా ధూళి. రోడ్డు పక్క ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమె మధ్యాహ్నానికి చట్నీ గిన్నె మీద తడిగుడ్డ కప్పుకోవడం నేను రోజూ చూస్తున్నాను. పట్టా కప్పించడానికి ఏ సాంకేతిక పరిజ్ఞానమూ అక్కరలేదు.

ఇల్లు కట్టుకునేవారు నన్ను ఏ ఇటుక కొనమంటావని అడిగితే బూడిద ఇటుకే కొనమంటాను, బీట ఉన్న గోడకు ఆనుకుని కూర్చునే చెబుతాను. కొనేముందు యూనిట్‌కు వెళ్లి యార్డులో నీళ్ల తొట్టి ఉందో లేదో, ఉన్న ఇటుకల గుట్టల మీద తేదీలు ఉన్నాయో లేదో చూడండి, బూడిద ఎక్కడి నుంచి వస్తున్నదో, పొడిదో చెరువుదో అడగండి. తేదీ అడిగితే నవ్వే యజమాని దగ్గర కొనకండి. గోడకు మాలు మరీ బలంగా కలపనివ్వకండి, ఇటుక కంటే అతుకు గట్టిదైతే పగిలేది ఇటుకే. అచ్చులోంచి వచ్చిన నున్నని ముఖానికి ప్లాస్టరింగ్ పట్టాలంటే అతుకులను తడిగా ఉన్నప్పుడే అరంగుళం లోపలికి గీకించాలి, కాలమ్‌కూ గోడకూ మధ్య కోడి జాలీ, అంటే సన్నని తీగల వల, కొట్టించాలి.

ఇప్పుడు మా పై అంతస్తు పని మొదలైంది. ఇటుకలు ముందుగానే తెప్పించి, వాకిట్లో గాలి ఆడేటట్లు పేర్పించి, ఒక్కొక్క గుట్ట మీద అవి పోసిన తేదీ సుద్దముక్కతో రాసి పెట్టాను. మొన్న ఆదివారం వచ్చిన మా మేనత్త ఆ అంకెలన్నీ ఒకటొకటిగా చదువుకుంటూ గుట్టల చుట్టూ తిరిగి, "పుట్టినరోజులు కూడా రాశావు, మరి వీటికి బారసాల ఎప్పుడురా, ఇరవై ఒకటో రోజునా?" అని అడిగింది.

"ఇరవై ఎనిమిదో రోజున అత్తా" అన్నాను.