మా సంఘంలో పాడనివాడు లేడు

"ఆత్మయందు తీవ్రతగలవారై ప్రభువును సేవించుడి" అని బైబిల్లో పౌలు రోమీయులకు రాశాడు. ఆ తీవ్రతను దేనితో కొలవాలో మాత్రం చెప్పకుండా వదిలేశాడు. ఆ లోటు మా సంఘం తీర్చింది. మేము సౌండ్ బాక్సులతో కొలుస్తాం. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు అంటున్నాయి. వేడీ చల్లనా కాకుండా ఉందని ప్రకటన గ్రంథం మందలించిన లవొదికయ సంఘంలాంటి నులివెచ్చని వాళ్లకు ఆ హద్దు సరిపోతుందేమో. మా పాస్టరు అయ్యగారు "స్తోత్రం" అంటే పక్కింటి అటక మీద సత్తు గిన్నెలు కూడా బదులు పలుకుతాయి. ఆ ఇంటి పెద్దాయనకు గుండె జబ్బు. పాపం, ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టాలని మొన్న ఆల్‌నైట్ ప్రార్థన పెట్టాం. మైకులోనే.

పౌలు ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని కునికి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. మైకు లేకపోతే అంతే మరి.

అయితే మా ఉత్సాహం చూడాలంటే కోత పండుగకు రావాలి. బియ్యం బస్తాలు, అరటి గెలలు, కోడిపుంజులు, సొరకాయలు బలిపీఠం ముందు గుట్టపోస్తారు. ఆరాధన అవగానే వేలం పాట. ఇక్కడ గొంతు బాగుండాల్సిన పని లేదు, ఎవరైనా పాడొచ్చు. పాడుకున్నది మళ్లీ దేవునికే ఇచ్చేస్తే రెండోసారి వేలం వేస్తారు. అలా ఒక్క కోడిపుంజు నలుగురి భక్తిని లోకానికి చాటి, సాయంత్రానికి ఎవరింటికీ వెళ్లకుండా గుడి అరుగు మీదే నిలబడిపోయిన ఏడాది కూడా ఉంది.

పోయిన పండుగలో నేను గుమ్మడికాయను మూడు వేలకు పాడాను. బజారులో అది వంద రూపాయలు కూడా చేయదు. కానీ అవతల పాడుతున్నది పాత కార్యదర్శి. ఆయన రెండు వేల ఎనిమిది వందల దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఆ చూపులో ఆత్మీయంగా నాకు ఏదో సవాలు కనిపించింది. "మూడు వేలు, రాసుకోండి!" అన్నాను. చప్పట్లు మోగాయి. నీ కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు ప్రభువు. ఆ ఆజ్ఞను నేను అక్షరాలా పాటిస్తున్నాను. కుడిచేయి పైకెత్తి పాడిన సంగతి, జేబు వైపున్న ఎడమచేతికి ఇప్పటికీ తెలియదు.

వేలం తర్వాత ప్రేమవిందు. తినడానికి నాలుగు వందల మందిమి. వడ్డించడానికి కుర్రాళ్లు పోటీ పడతారు, ఎందుకంటే అక్కడ ఫోటోలు తీస్తారు. విందు అయ్యాక "డేగిసాలు కడగడానికి ఆసక్తి ఉన్నవాళ్లు వెనక్కి రావాలి" అని మైకులో చెబుతారు. సౌండ్ బాక్సులు మొరాయించేది ఆ ఒక్క ప్రకటన దగ్గరే. ఎవరికీ వినపడదు.

దీనికి వాక్యాధారం కూడా ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో వరాల జాబితా ఉంది. అందులో "ప్రభుత్వములు చేయువారు" అన్న వరం కమిటీ ఎన్నికలొస్తే మాలో ప్రతివాడికీ పొంగుతుంది. దానికి సరిగ్గా ముందు "ఉపకారములు చేయువారు" అని ఉంది. ఆ మాట దగ్గర ఎవరి కళ్లూ ఆగవు. అక్షరాలు చిన్నవేమో.

ఆ డేగిసాలన్నీ ప్రతి ఏడూ వెనక వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ, ఆమె కోడలు కడుగుతారు. పెద్దమ్మ ఒకసారి సాక్ష్యానికి లేచింది. "దేవుడు మేలు చేశాడు, అందరికీ వందనాలు" అని కూర్చుంది. అంతే. అరగంట చెప్పేవాళ్లున్న సంఘంలో ఇదేం సాక్ష్యమని మేము ఆమెకు ఇంకా ఆత్మీయ ఎదుగుదల కావాలని నిర్ణయించాం.

పూర్వం ఇంత వ్యవస్థ ఉండేది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేసి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పస్తులున్నవాళ్లకు కూలి పని చూపించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మైకు లేదు, లైవ్ లేదు. కాలువ తవ్వుతానని ఈరోజు ఎవరైనా మా కమిటీ ముందుకొస్తే మొదటి ప్రశ్న ముఖ్య అతిథి ఎవరని. రెండోది, మట్టి తట్ట ఎత్తేటప్పుడు కోటు వేసుకోవచ్చా అని.

అందుకే మొన్న కమిటీలో నేనొక ప్రతిపాదన పెట్టాను. డేగిసాలు కడిగే భాగ్యాన్ని కూడా వేలం వేద్దాం. పిలిస్తే రానివాడు పాటంటే ఆగుతాడా? అందరూ హర్షించారు. మాదిరిగా అక్కడికక్కడే పాట పెడితే పాత కార్యదర్శి నాలుగు వేల దాకా వచ్చాడు. నేను ఐదు వేలకు మొదటి డేగిసా పాడుకున్నాను. కడిగేది ఎవరన్న చర్చ రాలేదు, పెద్దమ్మ ఉంది కదా.

కోశాధికారి పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకుని పాత పేజీలు తిప్పుతూ "అన్నా, ఆ గుమ్మడికాయ..." అన్నాడు.

నేను వెంటనే కళ్లు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టాను. కాస్త గట్టిగానే.