వాగ్దాన కార్డు గారికి, కడప నుంచి

మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి,

నిన్న రాత్రి పన్నెండు కొట్టి కొత్త ఏడు వచ్చినాక, ఈ ఏటికి దేవుడిచ్చే వాగ్దానమని చర్చిలో తలా ఒక వచనం కార్డు తీసుకునే స్టీలు తట్టలోంచి మళ్లీ తమరే వచ్చారు. గులాబీ, పావురం, తళుకుల అంచు, నడుమ యిర్మీయా 29:11. వరసగా మూడో ఏడు. పోయినేటి మేలు యాడికి పోయిందని అడగను. అడగాల్సింది వేరే ఉంది.

"సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నారు, సంతోషం. దాని పై వచనం ఏమైంది సామీ? పదో వచనంలో డెబ్బై ఏండ్లని ఉంది కదా! బబులోను రాజు పట్టుకుపోయి చెరలో పెట్టిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరమది. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెండ్లిండ్లు చేసుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటాడు. ఇప్పట్లో ఇంటికి రారు అని చెప్పడమే అది. "మిమ్మును" అన్నది చెరలో ఉన్న జనమందరినీ. మర్యాదకు అన్నాడనుకున్నారేమో, మన తెలుగు బైబిల్లో యెహోవా ఒక్కణ్ణి పట్టుకుని "మీరు" అనడు.

ముందు అధ్యాయం తిప్పారా ఎప్పుడన్నా? బబులోనుకు పోయిందంతా రెండేండ్లలో తిరిగొస్తుందని హనన్యా అనే అబద్ధ ప్రవక్త ప్రకటించాడు. ఆ ఏడే ఏడో నెలలో చచ్చిపోయాడు. ఆ హనన్యాను కాదన్న యిర్మీయా ఉత్తరంలోంచే ఒక ముక్క కోసి, పన్నెండు నెలల గ్యారంటీ తగిలించి, హనన్యా సరుకే అమ్ముతున్నావు కదా నువ్వు!

కోతలో నీకంటే ముందు ఒకడున్నాడులే. మత్తయి 4:6లో సాతాను, యేసును శోధిస్తూ దేవాలయ శిఖరం మీద నిలబడి 91వ కీర్తన ముక్క చదివాడు. దానికి యేసు ఇచ్చిన జవాబులో "మరియొక చోట వ్రాయబడియున్నది" అని ఉంది. ఆ మరియొక చోటికి నీ అట్టలో జాగా యాడుంది?

ద్వితీయోపదేశకాండము 28లో "తలగా నియమించును" నీకు ఇష్టం. దీవెనలు 14 వచనాలు, శాపాలు 54. శాపాల కార్డు ఒక్కటీ అచ్చు కాలేదెందుకో!

దేవుడు నానాసమయములలో, నానావిధములుగా మాట్లాడాడని హెబ్రీ 1:1. కేసీ (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర చెంబు ముంచి కాలువ మొత్తం చూశానంటే కడపలో ఎవరన్నా ఒప్పుకుంటారా? ఎవరితో అన్నాడు, ధర్మశాస్త్రానికి ముందా తర్వాతా, చెరకు ముందా తర్వాతా, ఆ మాటను తర్వాతి గ్రంథాలు ఏం చేశాయి, ఇవన్నీ చూడాలి. చెర తిరుగు ప్రయాణం పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో ఎజ్రా 1లో మొదలైంది. అంతటితో కథ ముగిసిందా? అదే యిర్మీయా 31:31లో కొత్త నిబంధన అన్నాడు. లూకా 22:20లో అది యేసు కడపటి భోజనంలో ఎత్తిన గిన్నెలోకొచ్చింది. హెబ్రీ 8 ఆ వాక్కును పొడుగునా ఎత్తి రాసింది. ముందు మాట అబద్ధం కాలేదు, ముదిరి తేటపడింది. కొత్తది వచ్చింది కాబట్టి పాతది చించేద్దామనేవాళ్లు ఇంకో రకం పుణ్యాత్ములు, వాళ్లకు వేరే ఉత్తరం.

ఇంత తిట్టినా నిన్ను పారేయడానికి చెయ్యి రాలేదు. పర్సులోంచి తీసి యిర్మీయా 28లో, హనన్యా పక్కనే పెట్టినా. తళుకు అంతా పేజీకి అంటుకుంది.