నిక్స్‌ను ముంచింది దురదృష్టమట! ఆ రిమ్ కథ ఇక ఆపండి

2025 మే 21, నిక్స్ సొంతగడ్డ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. NBA బాస్కెట్‌బాల్‌లో న్యూయార్క్ నిక్స్, ఇండియానా పేసర్స్ మధ్య ఈస్ట్ ఫైనల్స్ (తూర్పు విభాగం ఫైనల్ సిరీస్) మొదటి మ్యాచ్. మూడు నిమిషాల ఆట కూడా మిగల్లేదు, నిక్స్ 14 పాయింట్లు ముందుంది. అక్కణ్నుంచి పేసర్స్ ఆఖరి క్షణంలో హాలిబర్టన్ షాట్‌తో స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 138-135తో గెలిచి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఒకటే వాదన జనం తిప్పుతున్నారు: "నిక్స్ బాగానే ఆడింది, హాలిబర్టన్ షాట్ రిమ్ (బుట్ట అంచు) మీద పైకి ఎగిరి లోపల పడటం పచ్చి అదృష్టం. కోర్టులో ఉన్నది మన బెస్ట్ ఫైవ్, కోచ్ ఇంకేం చేస్తాడు? అయినా పేసర్స్ అందరికీ ఇలాగే చేసింది కదా." వినడానికి బాగానే ఉంది. ఒక్కటీ నిలబడదు.

ముందు ఆ అదృష్టం సంగతి. బంతి రిమ్‌కి తగిలి అంతెత్తు లేచి నేరుగా లోపల పడింది, నిజమే, చూస్తుంటే కడుపు మండింది. కానీ షాట్ కొట్టినప్పుడు హాలిబర్టన్ కాలు మూడు పాయింట్ల గీత మీద ఉంది. అందుకే అది రెండు పాయింట్లే అయింది, స్కోరు 125-125 దగ్గర ఆగింది. పాదం కాస్త వెనక ఉండుంటే నిక్స్ అక్కడికక్కడే ఒక్క పాయింట్‌తో ఓడిపోయేది. హాలిబర్టన్ కూడా గెలిచేశామనుకునే, ఒత్తిడికి చిత్తయ్యారన్నట్టు గొంతు పట్టుకుని సైగ చేశాడు. అంటే ఆ రాత్రి అదృష్టం ఎవరి వైపైనా ఉందంటే అది నిక్స్ వైపే, ఇంకో ఐదు నిమిషాలు ఉచితంగా ఇచ్చింది, వాటినీ వాడుకోలేకపోయారు.

పైగా ఆ ఒక్క షాట్ దాకా ఆట ఎలా వచ్చిందో ఎవరూ మాట్లాడరు. పేసర్స్ ఆటగాడు నెస్మిత్ నాలుగో క్వార్టర్‌లోనే ఆరు త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు. ఒకటి పడితే అదృష్టం, రెండు పడితే వేడి మీదున్నాడు అనుకుందాం, మూడోది పడ్డాక కూడా అతనికి చోటు దొరుకుతోందంటే అది డిఫెన్స్ వైఫల్యం, ఇంకో పేరు లేదు. అతని మీదకి వేరే మనిషిని పంపాలి, స్క్రీన్ పడితే (ఇంకొకడు దారికి అడ్డం నిలబడితే) పైనుంచి దూరి వెళ్లాలి, అసలు బంతే అందకుండా చూడాలి, రెండు పాయింట్లు పోతే పోనీ. చివరి క్షణాల్లో నిక్స్ ఆటగాళ్లు టౌన్స్, అనునోబీ తలా ఒక ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఒక పాయింట్ షాట్) వదిలేశారు. అవి పడుంటే గెలిచేవాళ్లం అంటారు. సరే, గెలిచేవాళ్లే. కానీ అంత ఆధిక్యం ఒక్కో ఫ్రీ త్రో మీద ఆధారపడే దాకా ఎందుకొచ్చింది?

ఇక "బెస్ట్ ఫైవ్". నాకు బాగా ఒళ్లు మండేది ఈ మాటకే. బ్రన్సన్, హార్ట్, బ్రిడ్జెస్, అనునోబీ, టౌన్స్: పేర్లు చదివితే గొప్పగానే ఉంటాయి. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ నిమిషాలు కలిసి ఆడిన ఐదుగురు వీళ్లే. బ్రిడ్జెస్ 82 మ్యాచ్‌లూ ఆడి, మొత్తం నిమిషాల్లో లీగ్‌లోనే ముందున్నాడు, స్టార్టర్ల నిమిషాలు తగ్గించి బెంచ్‌కి ఇవ్వొచ్చని మార్చిలో తనే బయటికి చెప్పాడు కూడా. ఆడేవాడే ఆ మాట అన్నాక మనం ఇంకా "కోచ్‌కి వేరే దారి లేదు" అని వాదించడం ఏంటి? పేరుకి బెస్ట్ ఫైవే గానీ ప్లేఆఫ్స్‌లో ఈ ఐదుగురూ కలిసి కోర్టులో ఉన్న నిమిషాల లెక్క చూస్తే మైనస్‌లో ఉంది, అంటే ఆ టైమ్‌లో అవతలివాళ్లే ఎక్కువ పాయింట్లు కొట్టారు. అవతలివాళ్లు హార్ట్‌ని బయట వదిలేసి అతన్ని కాయాల్సిన మనిషిని పెయింట్‌లోకి (బుట్ట కింది చోటికి) దింపుతారు, టౌన్స్‌నీ బ్రన్సన్‌నీ పట్టుకుని పిక్ అండ్ రోల్ (ఒకడు అడ్డం నిలబడి బుట్ట వైపు పరిగెత్తే ఎత్తు) మీద పిక్ అండ్ రోల్ ఆడతారు. దీన్ని సరిదిద్దడానికి సీజన్ అంతా టైమ్ ఉంది.

నా మాట నమ్మకపోతే నిక్స్ కోచ్ తిబొడో చేసిందే చూడండి. రెండో మ్యాచ్ కూడా 114-109తో పోయాక, మూడోదానికి హార్ట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి మిచెల్ రాబిన్సన్‌ని స్టార్ట్ చేయించాడు. బెంచ్ మీదున్న షామెట్, డెలాన్ రైట్ కూడా కోర్టులోకి వచ్చారు. ఇండియానాలో, 20 పాయింట్లు వెనకబడి, 106-100తో గెలిచారు. వేరే దారి లేదన్నారుగా? ఉంది, సొంతగడ్డ మీద రెండు ఓడాక కనిపించింది.

"పేసర్స్ అందరికీ ఇలాగే చేసింది" అనేది నిజం. మొదటి రౌండ్ ఐదో మ్యాచ్‌లో బక్స్‌కి ఓవర్‌టైమ్‌లో చేసింది, తర్వాత క్లీవ్‌లాండ్‌లో రెండో మ్యాచ్‌ని ఆఖరి నిమిషంలో 7 పాయింట్ల వెనకనుంచి 120-119తో లాక్కుంది. ఈ రెండూ నిక్స్‌తో సిరీస్ మొదలవకముందే జరిగాయి. ప్రత్యర్థి ఆఖరి నిమిషంలోనే చంపుతాడని రెండు రౌండ్ల ముందే తెలిసినప్పుడు ఇది సాకు ఎలా అవుతుంది, ఇంకా పెద్ద తప్పు అవుతుంది గానీ.

2000 తర్వాత మొదటిసారి జట్టుని ఈస్ట్ ఫైనల్స్ దాకా తెచ్చిన కోచ్‌ని అంటారా అని కొందరికి కోపం. తెచ్చాడు, కాదనను. జూన్ 3న తీసేసినప్పుడు నాకూ బాధేసింది. కానీ అంత దాకా తెచ్చినదానికీ మే 21న జరిగినదానికీ సంబంధం లేదు.