కిలోమీటర్లు సమానమయ్యాయి, బస్సులు తగ్గాయి

మొన్నామధ్య కోదాడ బస్టాండ్‌లో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెలంగాణ ఆర్టీసీ బస్సు. నా ముందు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్లో సంచి, సంచిలోంచి బయటికి తొంగిచూస్తున్న కరివేపాకు రెమ్మలు. నందిగామలో కూతురి దగ్గరికి వెళ్తోందట. కండక్టర్ రాగానే ఆధార్ కార్డు చూపించింది. ఆయన మిషన్ నొక్కి జీరో టికెట్ ఇచ్చాడు, ఆ వెంటనే ఇంకో టికెట్ కొట్టి "దీనికి డబ్బులివ్వాలమ్మా" అన్నాడు.

"ఫ్రీ అన్నారుగా సారూ?"

"బోర్డర్ దాకే ఫ్రీ. అవతల ఆంధ్రా."

"బస్సు ఇదే కదా మరి?"

కండక్టర్ నవ్వి ఊరుకున్నాడు. రోజూ ఎంతమందికని చెప్తాడు పాపం.

తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పుడే ఈ షరతు ఉంది, తెలంగాణ సరిహద్దు దాకే ఉచితం అని. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన అలాంటి పథకమే, స్త్రీ శక్తి, ఇంకో మెట్టు పైకెళ్లి అంతర్రాష్ట్ర సర్వీసుల్ని అసలు పథకంలోనే పెట్టలేదు. ఎవరి ఖజానా వాళ్లది, అర్థం చేసుకోవచ్చు. ఆ పెద్దావిడకు పోయింది కొద్ది రూపాయలే. కానీ "బోర్డర్ దాకే" అన్న ఆ రెండు మాటలతోనే రెండు తెలుగు రాష్ట్రాల మధ్య రవాణా మొత్తం నడుస్తోంది. దాని ఖర్చు చిన్నది కాదు.

2020 గుర్తుచేసుకుందాం. మార్చిలో లాక్‌డౌన్‌తో బస్సులు ఆగిపోయాయి. మే నెలలో ఎవరి రాష్ట్రంలో వాళ్లు తిప్పుకోవడం మొదలుపెట్టారు. రెండు రాష్ట్రాల మధ్య మాత్రం నవంబర్ 2 దాకా ఒక్క ఆర్టీసీ బస్సు కూడా అధికారికంగా గీత దాటలేదు. మధ్యలో దసరా వచ్చింది, పోయింది. ఏపీఎస్ఆర్టీసీ పండక్కి గరికపాడు, పంచలింగాల లాంటి చెక్‌పోస్టుల దాకా బస్సులు వేసింది. అక్కడ దిగి, సంచులు భుజాన వేసుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని గీత దాటి, అవతల దొరికిన బండి పట్టుకోవాలి. రెండు దేశాల మధ్య కూడా ఇంత అవస్థ ఉండదేమో అనిపించేది. ఆ నెలల్లో అదే రోడ్డు మీద ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, అంటే వైరస్ ఆర్టీసీ బస్సుల్లోనే ప్రయాణిస్తుందని ఎవరూ నమ్మి ఆపలేదు. ఆగింది లెక్కల దగ్గర.

ఆ లెక్కేంటంటే, ఉమ్మడి ఆర్టీసీ 2015 జూన్‌లో కార్యకలాపాల పరంగా రెండుగా విడిపోయింది. బస్సులు డిపోలతో పాటే అటూ ఇటూ వెళ్లాయి. హైదరాబాద్‌కు వచ్చే సర్వీసుల్లో ఎక్కువ భాగం ఆంధ్ర, రాయలసీమ డిపోల నుంచి నడిచేవి కాబట్టి అవి ఏపీ లెక్కలోకి పోయాయి. దాంతో ఏపీఎస్ఆర్టీసీ 1,009 బస్సులతో తెలంగాణలో రోజుకు సుమారు 2.65 లక్షల కిలోమీటర్లు తిప్పేది. తెలంగాణ ఆర్టీసీ 750 బస్సులతో ఆంధ్రలో సుమారు 1.52 లక్షలు. ఐదేళ్ల పాటు ఇలాగే, రాతపూర్వక ఒప్పందం లేకుండా, పాత అలవాటు కొద్దీ నడిచిపోయింది. ఒక ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డాక కూడా బావి ఒకటే వాడుకుంటున్నట్టు. కరోనా ఆ బావికి మూత పెట్టింది. మూత తీసే ముందు వాటాలు తేల్చుకుందామని తెలంగాణ పట్టుబట్టింది.

నిజం చెప్పాలంటే తెలంగాణ వాదనలో న్యాయం ఉంది. అంతకుముందు ఏడాదే 50 రోజులు దాటిన సమ్మె చూసిన సంస్థ అది. తన రోడ్ల మీద, తన ఊళ్ల నుంచి వచ్చే ఆదాయంలో అవతలి సంస్థ పెద్ద వాటా పట్టుకుపోతుంటే చూస్తూ ఎందుకుండాలి? మోటారు వాహనాల చట్టం 1988లోని 88వ సెక్షన్ కూడా ఇదే చెప్తుంది, ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లాలంటే ఆ రాష్ట్రమూ ఒప్పుకోవాలని, అందుకు ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకోవచ్చని. మీరూ పెంచుకోండి గానీ మమ్మల్ని తగ్గించమనకండి అన్నది ఆంధ్ర ధోరణి. పెంచడం మా వల్ల కాదు, మీరే తగ్గండి అన్నది తెలంగాణ ధోరణి. చివరికి తెలంగాణ మాటే నెగ్గింది.

హైదరాబాద్‌లోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌లో నవంబర్ 2న సంతకాలయ్యాయి. ఏపీఎస్ఆర్టీసీ 638 బస్సులతో తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు తిప్పాలి. తెలంగాణ ఆర్టీసీ 826 బస్సులతో ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లు. తేడా 259 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి ఒక బస్సు ఒకసారి విజయవాడ దాకా వెళ్తే అయిపోయేంత. పెళ్లి పందిట్లో కట్నం లెక్కపెట్టినంత జాగ్రత్తగా లెక్కపెట్టారు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే అప్పట్లో టీవీల్లో ఎవరు గెలిచారు ఎవరు ఓడారు అన్న గోలే తప్ప కిలోమీటర్ల సమానత్వం అన్న ఆ కొలతను ఎవరూ విప్పి చూడలేదు. అందులో లెక్కకొచ్చేది అవతలి రాష్ట్రంలో తిరిగిన దూరం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, అందులో 190 దాకా తెలంగాణలో, మిగతా 85 ఆంధ్రలో. అంటే ఆంధ్ర బస్సు ఒకసారి హైదరాబాద్ వస్తే దాని ఖాతాలో 190 పడతాయి. అదే రూట్లో, అంతమందినే ఎక్కించుకుని తెలంగాణ బస్సు విజయవాడ వెళ్తే పడేది 85. కర్నూలు సంగతి ఇంకా వింత. ఊరు దాటి తుంగభద్ర దాటితే తెలంగాణే, హైదరాబాద్ దాకా 200 కిలోమీటర్లకు పైగా అటే. తెలంగాణ బస్సు కర్నూలు వచ్చి వెళ్తే కోటాలో దాదాపు ఏమీ ఖర్చు కాదు, కర్నూలు డిపో బస్సు హైదరాబాద్ వెళ్లొస్తే మాత్రం 400 పైన ఎగిరిపోతాయి. అందుకే కిలోమీటర్లు సమానమైనా బస్సులు 638, 826 అయ్యాయి, ఒక్క విజయవాడ రూట్లోనే ఏపీవి 192, తెలంగాణవి 273 అయ్యాయి. మోసం ఎవరూ చేయలేదు. గీత ఎక్కడుందో దాన్నిబట్టి లెక్క ఒరిగింది, అంతే.

సరే, ఎవరికి ఎక్కువొస్తే మనకేంటి, బస్సు ఉంటే చాలు కదా అంటారా? నాకూ అదే అభిప్రాయం. అందుకే రెండు సంస్థలనూ కలిపి లెక్కేస్తాను. ఏపీ వైపు 371 బస్సులు తగ్గాయి. తెలంగాణ వైపు 76 పెరిగాయి. మొత్తం మీద 295 ప్రభుత్వ బస్సులు, రోజుకు సుమారు 95 వేల కిలోమీటర్ల సర్వీసు రెండు రాష్ట్రాల మధ్య నుంచి మాయమయ్యాయి. ప్రయాణికులేమైనా తగ్గారా? కూకట్‌పల్లిలో, ఎల్బీనగర్‌లో సంక్రాంతి ముందు రాత్రి ఒక్కసారి నిలబడి చూడండి.

ఒప్పందం రాసేటప్పుడు బల్లకు ఇటు ఒక సంస్థ ఎండీ, అటు ఒక సంస్థ ఎండీ కూర్చున్నారు. మూడో కుర్చీ ఖాళీ. 88వ సెక్షన్లోనే ఉంది, ఇలాంటి ఒప్పందపు ప్రతిపాదనను గెజిట్‌లోనూ, ప్రాంతీయ భాషా పత్రికలోనూ వేసి, అభ్యంతరాలు తీసుకుని వినాలని. చట్టం రాసినవాళ్లు ఆ మూడో కుర్చీ గురించి ఆలోచించారు. కానీ గెజిట్ నోటిఫికేషన్ చదివి అభ్యంతరం పంపే ప్రయాణికుడిని మీరెప్పుడైనా చూశారా? వెళ్లేది పోటీ ఆపరేటర్లే.

తగ్గిన సీట్లు ఎటు పోయాయో ఊహించడం కష్టం కాదు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చింది అంటారే, అది ఇదే. ప్రైవేటు స్లీపర్లకు ఈ కిలోమీటర్ల పేచీ లేదు, ఎందుకంటే అవి రెండు రాష్ట్రాల ఒప్పందం కింద నడవవు. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ మీద నడుస్తాయి. కాగితం మీద టూరిస్టుల్ని తీసుకెళ్తున్న కాంట్రాక్ట్ క్యారేజీ, అంటే మొత్తంగా మాట్లాడుకున్న బండి, రోడ్డు మీద టికెట్ టికెట్‌కి సీటు అమ్ముకునే బస్సు. 2023 మే నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనలతో ఆ పర్మిట్ ఆన్‌లైన్‌లో దేశంలో ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. పన్ను తక్కువున్న చోట రిజిస్ట్రేషన్, వ్యాపారం ఇక్కడ. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయిన బస్సు గుర్తుంది కదా, 19 మంది ప్రయాణికులు చనిపోయారు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రోజూ తిరిగే ఆ బస్సు డామన్ డయ్యూలో రిజిస్టరై, తర్వాత ఒడిశాకు మారింది. ఆ తర్వాత కొన్ని రోజులు ఇటువైపు అధికారులు ఇటు, అటువైపు వాళ్లు అటు తనిఖీలు చేశారు, కేసులు రాశారు. 2013లో పాలెం దగ్గర ప్రైవేటు బస్సులో 45 మంది కాలిపోయినప్పుడూ ఇలాగే చేశారు, అప్పుడు రాష్ట్రం ఒకటే. ఇప్పుడు రెండయ్యాక, ఒక చెక్‌పోస్టులో దొరికిన లోపం అవతలి చెక్‌పోస్టుకు తెలిసే ఏర్పాటు ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదు.

లారీల గోడు వేరే. 2015 ఏప్రిల్ నుంచి రెండు రాష్ట్రాల లారీలు ఒకరికొకరు పరాయి బండ్లైపోయాయి, రెండు చోట్లా చెల్లే సింగిల్ పర్మిట్ ఇవ్వండి బాబూ అని ఓనర్లు ఏళ్లుగా తిరుగుతున్నారు. ఇక భద్రాచలం చూడండి. పోలవరం కోసం మండలాలు కలిపినప్పుడు ఊరి పక్కనున్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఐదు పంచాయతీలు ఆంధ్రలోకి వెళ్లాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్లే తెలంగాణ బస్సు తెలంగాణలో బయల్దేరి, ఆంధ్రలో దూరి, మళ్లీ తెలంగాణలోకి రావాలి. ఆ బస్సులో కూర్చున్నవాళ్లకు ఎన్నిసార్లు రాష్ట్రం మారిందో కూడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు.

రాష్ట్రాలు వేర్వేరైతే ఇంతే అనుకోవడానికి లేదు. ఢిల్లీ చుట్టూ చూడండి. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, యూపీ కేంద్రంతో కలిసి ఎన్సీఆర్టీసీ అని ఒక రవాణా సంస్థ పెట్టుకున్నాయి, 2013లో. కేంద్రానికి సగం వాటా, మిగతా నాలుగు రాష్ట్రాలకు తలా 12.5 శాతం. ఢిల్లీ మీరట్ మధ్య 82 కిలోమీటర్ల నమో భారత్ రైలు వీళ్లదే. వీళ్లంతా ప్రేమగా ఏమీ లేరు. ఢిల్లీ ప్రభుత్వం తన వాటా కట్టకుండా ఏళ్ల తరబడి నాన్చింది. 2023లో సుప్రీంకోర్టు 415 కోట్లు కట్టమంది, కట్టకపోయేసరికి నవంబర్‌లో, మీ ప్రకటనల బడ్జెట్ తీసి ఇటు మళ్లిస్తాం అని వారం గడువిచ్చింది. డబ్బు కదిలింది. నాకు ఇందులో నచ్చింది రైలు వేగం కాదండీ. గొడవపడటానికి కూడా ఒక చోటుంది, ఎవరు ఎంత బాకీయో రాసున్న కాగితం ఉంది, ఎగ్గొడితే ఎవరిని నిలదీయాలో తెలుసు.

మనకు అలాంటి చోటు ఏది? 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు ప్రజాభవన్‌లో కలిశారు, మంత్రులతో ఒకటి, అధికారులతో ఒకటి కమిటీలు అన్నారు. అక్కడ ఆర్టీసీ పేరు వచ్చేది విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూల్ ఆస్తుల కింద, బస్ భవన్ ఎవరిది, ఆసుపత్రి ఎవరిది అని. ఆ భవనం వాటా తేలినా తేలకపోయినా ఆదివారం రాత్రి గుంటూరు నుంచి హైదరాబాద్‌కు సీటు దొరకదు.

పెద్ద పెద్ద ఎక్స్‌ప్రెస్‌వేల గురించి ఇప్పుడు బోలెడు మాట్లాడుతున్నారు. రానీయండి, మంచిదే. ఈలోపు రూపాయి ఖర్చు లేనివి కొన్నున్నాయి. 2020 ఒప్పందాన్ని ఏడాదికోసారి తిరగరాసే ఒక ఉమ్మడి కమిటీ పెట్టి, ఏ రూట్లో ఎన్ని సీట్లు నిండుతున్నాయో రెండు సంస్థలూ లెక్కలు బయటపెట్టాలి. ఎలాగూ ఆన్‌లైన్ బుకింగ్‌లో ఆ లెక్క ఉంది. కిలోమీటర్ల బదులు సీట్లు కొలిస్తే కర్నూలు లాంటి వంకర చాలావరకు పోతుంది. సంక్రాంతికి, దసరాకు ముందూ వెనకా పది రోజులు కోటా ఎత్తేసి, ఎవరి దగ్గర బస్సుంటే వాళ్లు వేయాలి. ఆ మిగిలిన లెక్క తర్వాత చూసుకోవచ్చు, అన్నదమ్ములు కాకపోతే పొరుగువాళ్లైనా అలాగే చేస్తారు.

మహిళల టికెట్ సంగతి ఇంకా సులువు. జీరో టికెట్ అంటే ఊరికే ఇచ్చే కాగితం కాదు, దాని మీద ఛార్జీ లెక్క ఉంటుంది, ప్రభుత్వం దాన్ని ఆర్టీసీకి కట్టాలి. మిషన్‌లో బోర్డర్ స్టేజీ కూడా ఉంది, లేకపోతే ఆ కండక్టర్ రెండు టికెట్లు ఎలా కొట్టగలడు? అవతలి ముక్క బిల్లు అవతలి ప్రభుత్వానికి పంపడానికి కొత్త టెక్నాలజీ ఏమీ కనిపెట్టక్కర్లేదు. ముందుగా పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు మూడు ఊళ్ల మధ్య మొదలుపెట్టి చూడొచ్చు. కోదాడ జగ్గయ్యపేట, మధిర తిరువూరు లాంటి చోట్ల సంతకూ, ఆసుపత్రికీ, పెళ్లి సంబంధానికీ జనం రాష్ట్రం చూసుకుని వెళ్లరు.

నందిగామ వచ్చింది. పెద్దావిడ సంచి సర్దుకుని లేచి, మెట్ల దగ్గర ఆగి కండక్టర్‌ని అడిగింది.

"మళ్లీ పొద్దున మీ బస్సు ఎన్నింటికి సారూ?"

"ఇదే టైం అని చెప్పలేనమ్మా. మా బస్సొస్తే బోర్డర్ నుంచి ఫ్రీ. ఆంధ్రా బస్సొస్తే మొత్తం డబ్బులే."

"ముందు ఏదొస్తే అది ఎక్కుతాలే" అని దిగిపోయింది.