ఆటో రిప్లయ్ గారికి, అక్కయ్యపాలెం నుంచి

మహారాజశ్రీ ఆటో రిప్లయ్ గారి సముఖమునకు,

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో పచ్చళ్ల దుకాణం నడుపుకుంటూ, మా వాట్సాప్ నంబరుకు వచ్చే సందేశాలకు మనిషి లేకుండానే జవాబిచ్చే యంత్రమైన మీకు నెలనెలా జీతం కడుతున్నవాడు వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి. మీ కుశలాన్ని నేను ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు. తెల్లవారుజామున రెండున్నరకు ఎవరో చెయ్యి తగిలి పంపిన చుక్కకు కూడా 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని తక్షణం జవాబిచ్చారు గనుక, నిద్రాహారాల బెంగ మీకు లేదని తెలిసింది.

మిమ్మల్ని మా దుకాణానికి తెచ్చిన కుర్రవాడు జాడీల మధ్య లాప్‌టాప్ తెరిచి నాకు లోకమంతా చూపించాడు. చైనాలో 2017 నుంచి వీచాట్ అనే సందేశాల యాప్‌లోనే చిన్న చిన్న ప్రోగ్రాములు నడుస్తున్నాయని, అక్కడి దుకాణదారుకు వేరే యాప్ అక్కరలేదని చెప్పాడు. కెన్యాలో 2007లోనే ఎంపెసా పేరుతో మామూలు ఫోన్ల మీద డబ్బు చేతులు మారిందన్నాడు. చివరగా, మన రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో ధ్రువపత్రాలు వగైరా 161 సేవలను వాట్సాప్‌లో పెట్టిందని గుర్తుచేసి, "సార్, అన్ని సేవలు పట్టిన చోట మీ ఆవకాయ పట్టదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అతను బండెక్కి వెళ్లిపోయాక వచ్చింది: ధ్రువపత్రానికి ఉప్పూకారాల హెచ్చుతగ్గులుండవు కదా అని. కెన్యా కథలో కూడా, వీధి మొగలో కూర్చుని జనం నోట్లను చేత్తో లెక్కపెట్టుకుని ఫోనులోకి జమచేసే ఏజెంట్లు వేలమంది ఉన్నారు. వాళ్లెవరూ ఆ లాప్‌టాప్‌లోకి ఎక్కలేదు.

మీరు రాకముందు మేము అడవిలో ఏమీ లేము. చిన్న దుకాణాల కోసమని 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చినప్పుడే, పైసా ఖర్చు లేకుండా పెట్టుకున్నాం. మాకు వెబ్‌సైటు లేదు, ఎవరూ అడగనూ లేదు. వచ్చేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు, అదీ చేతకానివారు మైకు బొమ్మ నొక్కి మాట్లాడేవారు. ఎవరికి నువ్వులనూనె పడదో, ఎవరి కోడలికి వెల్లుల్లి గిట్టదో, ఎవరి పిల్లవాడు అమెరికా ప్రయాణమవుతున్నాడో అన్నీ ఆ మాటల్లోనే ఉండేవి. మా ఖాతా పుస్తకం అదే. మీకు నంబరు అప్పగించేందుకు దానిని నా ఫోనులోని యాప్‌లోంచి తొలగించమని మీ కుర్రవాడు అన్నాడు. తొలగించాను. పుస్తకం కూడా పోతుందన్న ముక్క మాత్రం పోయాక చెప్పాడు.

ఇక అసలు సంగతి. పోయిన శనివారం సాయంత్రం ఎంవీపీ కాలనీ మామ్మగారు యథాప్రకారం మైకులో మాట్లాడారు: "బాబూ, బెల్లం ఆవకాయ బాగుంది గానీ మీ తాతగారికి బీపీ ఎక్కువైంది. ఈసారి మామూలు ఆవకాయ కిలో పంపు, ఉప్పు బాగా తగ్గించు." ఉప్పు తగ్గితే ఆవకాయ నిలవుండదు, బూజు పడుతుంది. అందుకని ఆవిడకు కిలో వద్దని చెప్పి, అరకిలో విడిగా కలిపి, ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పాలి. ఇది మా దుకాణంలో జాడీలు కడిగే మనిషికి కూడా తెలుసు. తమరేమన్నారు? 'ఆవకాయ కోసం 1, గోంగూర కోసం 2, ఇతర వివరాల కోసం 3 పంపండి.' ఆవిడ పాపం మీ మాట మన్నించి, కళ్లజోడు పెట్టుకుని, శుభ్రమైన తెలుగులో 'ఒకటి' అని కూడబలుక్కుని టైపు చేశారు. 'క్షమించండి, సరైన సంఖ్యను ఎంచుకోండి' అన్నారు తమరు. ఆవిడ మళ్లీ 'ఒకటి' అన్నారు. తమరు మళ్లీ క్షమాపణ కోరారు. ఈ మర్యాద నాలుగు విడతలు సాగింది.

నేను ఆ రెండు రోజులూ శ్రీకాకుళంలో పెళ్లిలో ఉన్నాను. సోమవారం వచ్చి జవాబివ్వబోతే, ఆవిడ చివరి సందేశం వచ్చి 24 గంటలు దాటిపోయింది గనుక వాట్సాప్ నియమం ప్రకారం ఇక సొంత మాటల్లో రాయడానికి వీల్లేదని, ముందుగా ఆమోదం పొందిన టెంప్లేటే, అంటే ముందే రాసిపెట్టుకున్న సందేశమే, పంపాలని, దానికి రుసుము ఉంటుందని తెలిసింది. నా దుకాణం, నా నంబరు, పదేళ్లుగా నన్ను బాబూ అని పిలిచే మనిషి. 'పెళ్లికి వెళ్లాను మామ్మగారూ, ఏమీ అనుకోకండి' అనే వాక్యాన్ని సముద్రాల అవతలి కంపెనీ ఆమోదానికి పంపాలి! అది ప్రచారం కింద జమైతే ఒక రేటు, ఆర్డరు సమాచారం కింద జమైతే అంతకన్నా తక్కువ రేటు. అబద్ధమాడటం ఎందుకు, గుట్టుగా మాట్లాడుకునే చోట అడ్డమైన ప్రకటనలూ దూరకుండా ఆ నియమం పెట్టారంటే నేను కాదనను. నా ఫోనుకు వచ్చే అప్పుల ప్రకటనలను అది ఎందుకు ఆపడం లేదో మాత్రం బోధపడలేదు.

మీ గుణాలను కూడా మరచిపోలేదు. ధరలు చెప్పడంలో, పార్సిల్ ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడంలో మీకు సాటి లేరు. ఆ పని రోజూ నా గంటసేపు తినేది. కనుక మిమ్మల్ని తీసివేయడం లేదు. ఒక సందేశం కింద మీకు మూడు జవాబు బటన్లకే చోటుందట. మొదటిది ధరలకు, రెండవది పార్సిలుకు ఉంచుకోండి. మూడవ దాని మీద 'దుకాణంలో మనిషి కావాలి' అని రాయించుకోండి. అది నొక్కితే నా ఫోను మోగాలి. మైకులో వచ్చిన మాటకైతే బటన్లు కూడా చూపించవద్దు, నోరు మూసుకుని నాకు పంపండి.

మామ్మగారికి చివరకు మామూలు ఫోనే చేశాను. అరకిలో, ఫ్రిజ్, అన్నీ ఒప్పుకున్నారు. పెట్టేసేముందు గొంతు తగ్గించి, "దుకాణంలో కొత్త కుర్రాణ్ని పెట్టావా బాబూ? మర్యాదస్తుడే గానీ వాడికి ఒకట్లు రావు. ముందు ఎక్కాలు నేర్పించు" అన్నారు.

ఇట్లు,
మీ జీతం ఈ నెల ఐదున కట్టినవాడు